శనివారం ట్రాన్స్‌జెండర్ కళాకారుల ప్రదర్శన: చూసినవాళ్ళు, చేసినవాళ్ళు ఇక్కడ రాయండి

తూర్పుగాలి | ఆదివారం, ఉదయం 8:10

శనివారం సాయంత్రం వైజాగ్ ద్వారకానగర్ దగ్గర ఒక చిన్న హాల్లో ట్రాన్స్‌జెండర్ కళాకారుల ప్రదర్శన జరిగింది. ఎక్కువమంది మన ఊరివాళ్ళే. అనకాపల్లి, విజయనగరం నుంచి కూడా కొందరు వచ్చారు. టికెట్ లేదు. కుర్చీలు చాలక జనం గోడవారగా నిలబడి చూశారు.

మొదటి అంశం కూచిపూడి తరంగం. ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి ఆవిడ ముందుకు వస్తున్నప్పుడు, స్టేజీ మధ్యలో కాస్త పైకి లేచిన చెక్కకు పళ్ళెం తగిలి ఆగిపోయింది. ఆవిడ కిందికి చూడలేదు. మడమలతో పళ్ళేన్ని కొంచెం వెనక్కి లాక్కుని, పక్కకు తిప్పుకుని, తాళం తప్పకుండా ఆ చెక్కను దాటేసింది. చేతుల్లో ముద్ర చెదరలేదు, ముఖంలో కృష్ణుడి నవ్వు అలాగే ఉంది. నేను ముందు వరుసలో కూర్చున్నాను కాబట్టి కనిపించింది. వెనకవాళ్ళకు అసలు ఏం జరిగిందో తెలిసి ఉండదు. ఏళ్ళ తరబడి సాధన చేసినవాళ్ళకే అది సాధ్యం.

తర్వాత ముగ్గురు ట్రాన్స్ మహిళలు బుర్రకథ చెప్పారు. కథ పాతది కాదు, వైజాగ్‌లో అద్దె ఇంటి కోసం తిరగడమే కథ. తంబుర పట్టుకున్న కథకురాలు ఒక అడుగు ముందుకు వేసి అందుకుంటే, డక్కీలతో వంతలు పలికారు:

అక్కయ్యపాలెం వెళ్ళామమ్మా – తందాన తాన
అడ్వాన్సు చేత పట్టామమ్మా – తందాన తాన
గేటు దాకా రానిచ్చారు – తందాన తాన
గొంతు వినగానే మూసేశారు – తందాన తాన

హాలంతా నవ్వింది, వెంటనే సద్దుమణిగింది. తర్వాత ఒక ట్రాన్స్ పురుషుడు (పుట్టినప్పుడు ఆడపిల్ల అన్నా, మగవాడిగా బతుకుతున్న వ్యక్తి) త్యాగరాజ కీర్తన పాడాడు. దాని గురించి సంగీతం తెలిసినవాళ్ళు రాస్తే బాగుంటుంది.

నాకు నచ్చనిది ఒకటి ఉంది, ఈ చర్చ మొదలుపెట్టింది అందుకే. ప్రతి అంశానికీ ముందు యాంకర్ "ఎన్నో కష్టాలు పడి, ఎన్నో అవమానాలు భరించి" అంటూ మొదలుపెట్టారు. అయిపోయాక కళాకారిణిని పక్కన నిలబెట్టి "ఇంట్లోంచి ఎప్పుడు వచ్చేశారు? అమ్మ మాట్లాడుతుందా?" అని అడిగారు. తరంగం చేసిన ఆవిడకు ఇంకా ఆయాసం తగ్గలేదు. వేరే ఏ నర్తకినైనా అయితే మీ గురువు ఎవరు, ఎన్నేళ్ళు నేర్చుకున్నారు అని అడుగుతాం. ఈవిడను ఆ ఒక్క ప్రశ్న ఎవరూ అడగలేదు. పైగా వాళ్ళకు పారితోషికం ఇవ్వలేదని తర్వాత తెలిసింది. శాలువా, మెమెంటో, భోజనం. అంతే.

ఎంవీపీ_అత్తయ్య | ఆదివారం, ఉదయం 9:02

నేనూ వెళ్ళాను బాబూ, మా కోడలిని తీసుకుని. ఆట చాలా బాగుంది. కానీ కష్టాలు అడగకూడదంటే నాకు పూర్తిగా ఒప్పుదల కాదు. మా వయసువాళ్ళకు వీళ్ళ గురించి చెప్పినవాళ్ళు ఎవరున్నారు? గృహప్రవేశానికి వస్తే డబ్బులిచ్చి, దీవెన తీసుకుని పంపించేయడమే తెలుసు. శనివారం ఒకమ్మాయి, ఇంటర్ మధ్యలో చదువు ఆపేయాల్సి వచ్చిందని చెబుతుంటే మా కోడలు కళ్ళు తుడుచుకుంది. అది కూడా జనానికి తెలియాలి కదా?

మువ్వల_సవ్వడి | ఆదివారం, ఉదయం 10:35

తెలియాలి అత్తయ్యగారూ. కాకపోతే ఎప్పుడు, ఎవరు అడిగితే అన్నది ఉంది. ఆయాసం తీరకముందే మైకు పెట్టి అడిగితే కాదనడం ఎవరికైనా కష్టం.

నేను పిల్లలకు కూచిపూడి చెబుతాను. మన నాట్యంలో ఆడవేషం మగవాళ్ళే కట్టడం పాత సంప్రదాయం. వేదాంతం సత్యనారాయణశర్మ గారు సత్యభామగా జడ ముందుకు వేసుకుని రంగం మీదికి వస్తే ఆడవాళ్ళే నివ్వెరపోయి చూసేవారని మా గురువుగారు చెప్పేవారు. ఆయనకు 1970లో పద్మశ్రీ వచ్చింది. నాటకరంగంలో స్థానం నరసింహారావు గారికి 1956లోనే వచ్చింది. వాళ్ళ నడక, చూపు, చీరకట్టు గురించి తెలుగువాళ్ళు ఇవాళ్టికీ గర్వంగా చెప్పుకుంటారు.

అయితే ఆ గౌరవం ఆ వేషం కట్టిన మగవారికి దక్కింది. ఆట అయ్యాక రంగు కడుక్కుని పంచె కట్టుకుని ఇంటికి వెళ్ళేవారు కాబట్టి ఊరికి ఏ ఇబ్బందీ లేదు. ట్రాన్స్ మహిళకు స్త్రీగా ఉండటం వేషం కాదు, తన బతుకు. అదే అభినయం, అదే అంగవిన్యాసం ఆవిడ చేస్తే మనవాళ్ళు ముఖం తిప్పుకుంటారు. మా దగ్గర నేర్చుకోవడానికి ఒకమ్మాయి వస్తానంటే ఇద్దరు తల్లులు తమ పిల్లలను మాన్పిస్తామన్నారు. నేను మాన్పించుకోమన్నాను. ఒకరు మాన్పించారు, ఒకరు ఇంకా పంపుతున్నారు.

పక్క రాష్ట్రాలు చూడండి. తమిళనాడులో నర్తకి నటరాజ్ గారు తంజావూరు కిట్టప్ప పిళ్ళై గారి దగ్గర భరతనాట్యం నేర్చుకున్నారు. 2011లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 2019లో పద్మశ్రీ అందుకున్నారు. కర్ణాటకలో ఎల్లమ్మ దేవత పేరున జోగతి నృత్యం చేసే మంజమ్మ జోగతి గారు జానపద అకాడమీకి అధ్యక్షురాలయ్యారు, 2021లో పద్మశ్రీ తీసుకుంటూ రాష్ట్రపతికి చీర చెంగుతో దిష్టి తీశారు. ఆ వీడియో చూడనివాళ్ళు చూడండి. వాళ్ళిద్దరికీ గురువులు విద్య ఇచ్చారు. మన దగ్గర ఆ తలుపే తెరుచుకోవడం లేదు.

ఉక్కునగరం_రిటైర్డ్ | ఆదివారం, ఉదయం 11:20

అందరూ ఒకే పాట పాడుతున్నారు కాబట్టి రెండో వైపు నేను చెబుతాను. రైల్లో, సిగ్నల్ దగ్గర బలవంతంగా డబ్బు అడగడం, ఇవ్వకపోతే తిట్టడం మనం చూడటం లేదా? మా ఇంట్లో పెళ్ళికి వచ్చి, అడిగినంత ఇచ్చేదాకా కదల్లేదు. ఆ రోజు మా ఆవిడ పడ్డ టెన్షన్ నేను మరిచిపోలేను. స్టేజీ మీద చప్పట్లు కొట్టండి, వద్దనను. కానీ ఇదంతా లేనట్టు మాట్లాడొద్దు.

కంచరపాలెం_కుర్రాడు | ఆదివారం, మధ్యాహ్నం 12:05

మాస్టారూ, మీ ఇంట్లో జరిగింది తప్పే, దాన్ని ఎవరూ వెనకేసుకు రావట్లేదు. కానీ తరంగం చేసిన ఆవిడ మీ పెళ్ళికి రాలేదు కదా. ఒకరు చేసినదానికి ఇంకొకరు స్టేజీ మీద లెక్క చెప్పుకోవాలంటే ఏటి న్యాయం? మా వీధిలో ఇద్దరు ట్రాన్స్ మహిళలు టిఫిన్ బండి పెట్టుకున్నారు. పొద్దున్నే ఇడ్లీ, మైసూర్ బజ్జీ. మొదట్లో ఎవరూ వెళ్ళేవారు కాదు. ఇప్పుడు ఏడున్నర దాటితే బజ్జీ దొరకదు. పని ఇస్తే చేసేవాళ్ళే వాళ్ళు. ముందు ఆ పని దొరకాలి.

గజ్జెలు_నావే | ఆదివారం, మధ్యాహ్నం 2:48

నేను శనివారం ఆడినవాళ్ళలో ఒకరిని. ఏ అంశమో చెప్పను. ఇక్కడ రాసినవాళ్ళందరికీ నమస్కారం.

ఉక్కునగరం గారూ, మీ ఇంట్లో ఆవిడ భయపడినందుకు నాకూ బాధగానే ఉంది. నేను బధాయికి, అంటే శుభకార్యాల్లో దీవించి డబ్బు తీసుకోవడానికి, వెళ్ళాను, దుకాణాల దగ్గర చేయి చాచాను. వేరే దారి లేని ఏళ్ళవి. మర్యాదగా అడిగేవాళ్ళం, బూతులు పడేవాళ్ళం. మాలోనూ గట్టిగా అరిచేవాళ్ళున్నారు. అయితే స్టేజీ ఎక్కినప్పుడు నేను దాని గురించి మాట్లాడటానికి ఎక్కలేదు. ఆడటానికి ఎక్కాను.

మాకు స్టేజీ కొత్త కాదు. అమ్మవారి జాతరలకు, వినాయకుడి నిమజ్జనానికి, పెళ్ళి ఊరేగింపులకు రికార్డింగ్ డ్యాన్సులంటే ముందు మమ్మల్నే పిలుస్తారు. లారీ మీద కట్టిన స్టేజీ, కింద తాగినవాళ్ళు, జాకెట్లో నోటు పెడతామని ఎగబడే చేతులు. మాట్లాడుకున్న డబ్బులో సగం మధ్యవర్తి తీసుకుంటాడు. ఒంటిగంటకు ఆట అయితే తిరిగి వెళ్ళడానికి బండి ఉండదు. శనివారం జనం కుర్చీల్లో కూర్చుని, ఫోన్లు కిందికి దించి చూశారు. అది నాకు చాలా పెద్ద విషయం.

డబ్బు గురించి సూటిగా చెబుతాను. శాలువా గౌరవమే, తీసుకున్నాను, సంతోషం. కానీ ఆ రోజు ఆటకు జడ, నగలు అద్దెకు తెచ్చాను. పూలు, ఆటో, మేకప్ సామాను నా సొంత ఖర్చు. మాకు మేకప్ ఎందుకు ఎక్కువవుతుందో చెబుతాను. గడ్డం నీడ మామూలు ఫౌండేషన్‌కు ఆగదు, బూడిదరంగుగా పైకి తేలుతుంది. ముందు చెంపల కింద, పై పెదవి మీద ఎర్ర లిప్‌స్టిక్ పల్చగా రాసి, పౌడర్ అద్ది, ఆ పైన ఫౌండేషన్ వేయాలి. లైట్ల వేడికి చెమట పడితే మళ్ళీ మొదటికి. దీనికే గంట పైన పడుతుంది. హాల్లో మాకిచ్చిన గదిలో అద్దం ఒక్కటే, అందరం వంతులవారీగా చూసుకున్నాం. మగవాళ్ళ బాత్రూంలోకి వెళ్ళలేం, ఆడవాళ్ళ బాత్రూం దగ్గర వాచ్‌మన్ ఆపాడు. చీర కట్టుకుని, గజ్జెలు కట్టుకుని, మూడు గంటలు నీళ్ళు తాగకుండా కూర్చున్నాం. మమ్మల్ని పిలిచేవాళ్ళు ఈ ఒక్కటి ముందే చూడండి.

నా కథ నేను చెప్పాలనుకుంటే చెబుతాను అత్తయ్యగారూ, మీలాంటివాళ్ళు అడిగితే ఇంకా చెబుతాను. కానీ ముందు నా ఆట గురించి ఒక మాట అనండి. బాగుందనండి, అడుగు తప్పిందనండి, ఏదైనా సరే.

ఐదున్నర_శ్రుతి | ఆదివారం, సాయంత్రం 5:15

తూర్పుగాలి గారు అడిగారు కాబట్టి ఆ కీర్తన గురించి రాస్తున్నాను. నేను ముప్పై ఏళ్ళుగా పాఠం చెబుతున్నాను, అలాంటి గొంతు తరచుగా వినలేదు.

ఆడపిల్లలకు సాధారణంగా ఐదు, ఐదున్నర, ఆరు శ్రుతుల్లో చెబుతాం (అంకె పెరిగేకొద్దీ స్థాయి పెరుగుతుంది). మగపిల్లలు ఒకటి నుంచి రెండు లోపు. ట్రాన్స్ పురుషులు టెస్టోస్టిరాన్ తీసుకుంటే స్వరతంత్రులు మందమై కొన్ని నెలల్లో గొంతు కిందికి దిగుతుంది, మళ్ళీ పైకి రాదు. అంటే చిన్నప్పటి నుంచి ఐదున్నరలో సాధన చేసిన గమకాలన్నీ పెద్దయ్యాక కొత్త గొంతులో మళ్ళీ వెతుక్కోవాలి. మధ్యలో కొన్నాళ్ళు గొంతు ఎక్కడ పలుకుతుందో, ఎక్కడ విరుగుతుందో తనకే తెలియదు. ఆ అబ్బాయి ఒకటిన్నరలో పాడాడు. తారస్థాయికి వెళ్ళేటప్పుడు బలవంతం చేయలేదు, ఎంతవరకు అందుతుందో అంతవరకే తీసుకున్నాడు. మంద్రంలో, అంటే కింది స్థాయిలో, మాత్రం పంచమం దాకా దిగి అక్కడ నిలిపాడు. పక్కన మృదంగం ఆయన తల పైకెత్తి చూశారు.

ట్రాన్స్ మహిళలది దీనికి తిరగబడిన పరిస్థితి. యుక్తవయసులో ఒకసారి బరువెక్కిన గొంతును హార్మోన్లు మార్చలేవు. సాధనతో మాటతీరు మార్చుకోవచ్చు గానీ పాటకు ఉన్న గొంతే ఆధారం. బుర్రకథ చెప్పిన ఆవిడ ఆ ఖంగుమనే గొంతునే కథకు వాడుకుంది. గొంతు వినగానే గేటు మూశారన్న చరణం ఆ గొంతుతోనే చెప్పడంలో ధైర్యం ఉంది, కళ కూడా ఉంది. యాంకర్ గారు దీన్ని గమనించి రెండు మాటలు చెప్పి ఉంటే జనం ఇంకా బాగా వినేవారు.

కోర్టు_వీధి | ఆదివారం, రాత్రి 8:40

చట్టం వైపు నుంచి కొంచెం. 2014 ఏప్రిల్ 15న నాల్సా (జాతీయ న్యాయ సేవల ప్రాధికార సంస్థ) కేసులో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్లను మూడో జెండర్‌గా గుర్తించింది. ఆ తర్వాత 2019లో ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం వచ్చింది. అందులో 3వ సెక్షన్ వివక్షను నిషేధిస్తుంది. చదువు, ఉద్యోగం, వైద్యంతో పాటు ఇల్లు అద్దెకు తీసుకోవడం కూడా అందులో ఉంది. కాబట్టి ఆ బుర్రకథలో గేటు మూసిన ఇంటాయన చేసింది చట్టం ఒప్పుకోని పని. వాచ్‌మన్ సంగతి కూడా అదే సెక్షన్ కిందికి వస్తుంది, ప్రజలు వాడుకునే సౌకర్యాల దగ్గర ఆపకూడదని అందులో ఉంది.

చాలామందికి తెలియనిది 8వ సెక్షన్. సాంస్కృతిక, వినోద కార్యక్రమాల్లో ట్రాన్స్‌జెండర్లు పాల్గొనే హక్కును కాపాడేందుకు, ప్రోత్సహించేందుకు ప్రభుత్వం చర్యలు తీసుకోవాలని అందులో స్పష్టంగా రాశారు. ప్రభుత్వ ఉత్సవాల్లో వీళ్ళకు స్లాటు ఇవ్వండని దరఖాస్తు పెట్టేటప్పుడు ఈ సెక్షన్ రాయండి.

2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో "ఇతరులు" కింద నమోదైనవాళ్ళు 43,769 మంది. బయటికి చెప్పుకోలేక మగ, ఆడ గడుల్లోనే రాయించుకున్నవాళ్ళు వేరు. మన రాష్ట్రంలో ట్రాన్స్‌జెండర్లకు పింఛను 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయలు. వైజాగ్‌లో ఒక గది అద్దెకు కూడా అది చాలదు. ఆటకు డబ్బు అడగడం ఆశపోతుతనం కాదని చెప్పడానికే ఇది రాశాను.

లైట్లు_మైకులు | ఆదివారం, రాత్రి 9:30

నాది సౌండ్, లైటింగ్ పని. వచ్చేసారి బీచ్ రోడ్డులో పెద్దగా చేద్దామని శనివారం కొందరు అనుకోవడం విన్నాను. మంచిదే గానీ ఆరుబయట రాత్రి పదింటికల్లా మైకు ఆపాలి, 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు అవి. పోలీసు అనుమతి ముందే ఉండాలి. పైగా సముద్రపు గాలికి పాటగాళ్ళ మైకులు హోరుమంటాయి, బుర్రకథలో మాట ఒక్కటీ వినపడదు. గాలిలో పళ్ళెం మీద తరంగం అసలు కుదరదు. సిరిపురం గురజాడ కళాక్షేత్రం, పిఠాపురం కాలనీ కళాభారతి లాంటి హాలైతే గ్రీన్‌రూములు ఉంటాయి, లైట్లు సరిగ్గా పడతాయి. ఖర్చు ఎక్కువే. వంద రూపాయల టికెట్ పెట్టండి. టికెట్ కొన్నవాడు నోరు మూసుకుని చూస్తాడు, ఇది నా అనుభవం.

ఎంవీపీ_అత్తయ్య | సోమవారం, ఉదయం 7:20

గజ్జెలు అమ్మా, నీ మాట చదివాను. ఆ తరంగం నీదో కాదో తెలియదు గానీ, నీదే అయితే పళ్ళెం మీద నీ కాలి వేళ్ళు ఎలా పట్టు పట్టాయో రెండో వరుసలోంచి చూస్తూనే ఉన్నాను. చివర్లో ముక్తాయింపు కొంచెం తొందరపడ్డావు. మిగతాదంతా కళ్ళు తిప్పుకోనివ్వలేదు. నీకు చెప్పాలనిపించినప్పుడు మా ఇంటికి వచ్చి నీ కథ చెప్పు. కాఫీ ఇస్తాను, మైకు ఉండదు.

గజ్జెలు_నావే | సోమవారం, ఉదయం 7:55

అత్తయ్యగారూ, ముక్తాయింపు తొందర నిజమే! మా గురువుగారూ అదే మాట అన్నారు. తప్పకుండా వస్తాను.

ఉక్కునగరం_రిటైర్డ్ | సోమవారం, ఉదయం 9:10

బలవంతపు వసూళ్ళ గురించి నా అభిప్రాయం మారలేదు. కానీ కళాకారులకు బాత్రూం ఇవ్వకపోవడం, డబ్బు ఇవ్వకపోవడం తప్పు. దాన్ని నేను సమర్థించను. బుర్రకథ వీడియో ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టండి. నాకు బుర్రకథ ఇష్టం, ఈ రోజుల్లో వంత సరిగ్గా పలికేవాళ్ళు తక్కువ.

తూర్పుగాలి | సోమవారం, ఉదయం 9:25

వీడియో ఉంది మాస్టారూ. ఆ ముగ్గురినీ అడిగి, వాళ్ళు సరేనంటేనే పెడతాను. వాళ్ళలో ఒకరి ఊళ్ళో ఇంకా తెలియదట.

మధురవాడ_బ్లాక్_సి | సోమవారం, రాత్రి 9:45

మా అపార్ట్‌మెంట్ కమిటీలో దసరాకు ఒక సాయంత్రం సాంస్కృతిక కార్యక్రమం ఉంటుంది. ఈ చర్చ చదివి మా గ్రూపులో పెట్టాను. ఇద్దరు అభ్యంతరం చెప్పారు, ఓటు పెడితే ఎక్కువమంది సరేనన్నారు. తరంగం ఒకటి, బుర్రకథ ఒకటి కావాలి. గజ్జెలు గారూ, మీ రేటు, మీ షరతులు చెబుతారా?

గజ్జెలు_నావే | సోమవారం, రాత్రి 10:20

రేటు మీకు విడిగా మెసేజ్ చేస్తాను, మీరు కూచిపూడి కళాకారులకు మామూలుగా ఇచ్చేదానికన్నా ఎక్కువ అడగను, తక్కువకు రాను. సగం ముందు, సగం ఆట అయిన రాత్రే. మేకప్‌కు తలుపు గడియ పడే గది, నిలువుటద్దం, అదే అంతస్తులో బాత్రూం. పరిచయంలో మా గురువుగారి పేరు, నేను నేర్చుకున్న ఏళ్ళు చెప్పండి, కాగితం రాసి ఇస్తాను. అది తప్ప ఇంకేమీ చదవొద్దు. ఆట మధ్యలో డబ్బులు విసిరితే ఆపేస్తాను. తిరిగి వెళ్ళడానికి కారు.

మధురవాడ_బ్లాక్_సి | సోమవారం, రాత్రి 10:41

అన్నీ కుదురుతాయి. అడ్వాన్సు ఏ పేరున వేయాలి?

గజ్జెలు_నావే | సోమవారం, రాత్రి 10:46

నా పేరునే వేయండి, ఖాతా, ఆధార్ రెండింట్లోనూ ఇప్పుడు ఒకటే పేరు. వివరాలు మెసేజ్‌లో ఉన్నాయి. బుర్రకథ వాళ్ళకు చెప్పాను, వాళ్ళ రేటు వాళ్ళే మాట్లాడతారు. వాళ్ళకు మూడు మైకులు కావాలి, స్టాండు మైకులు వద్దట, నడుస్తూ చెబుతారు కాబట్టి కాలరుకు పెట్టేవి.

లైట్లు_మైకులు | సోమవారం, రాత్రి 10:58

కాలరు మైకులు నా దగ్గర ఉన్నాయి. డక్కీలకు విడిగా ఇంకో రెండు పెట్టాలి, లేకపోతే వంత మాట మునిగిపోతుంది. తేదీ ఖరారు కాగానే చెప్పండి, బుక్ చేసి పెడతాను.